ఓబుళేశు మోకాలు

“మే, కొంచెం నిలబడు. మోకాలు పట్టేసింది.”

ఓబుళేశు భార్య భుజం మీద చెయ్యి వేసి వీధి మలుపులో ఆగిపోయాడు. లక్ష్మీదేవమ్మ టెంకాయ సంచి ఎడమ చేతికి మార్చుకుని ఆయన నడుము పట్టుకుంది.

“నిదానంగా రాయ్యా. స్వామి యాడికీ పోడులే.”

వేంపల్లెలో వాళ్ల ఇంటికీ ఆంజనేయస్వామి గుడికీ నాలుగు వీధుల దూరం. డెబ్బై దాటినా ఓబుళేశు చీనీకాయల తోటకు నడిచే పోయి నడిచే వచ్చేవాడు. ఆయన కాళ్ల గురించి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఉగాది వెళ్లాక ఒకనాడు తోట గట్టు మీద కాలు మడత పడిందంటూ వచ్చాడు. అప్పటి నుంచి కుంటుతూనే ఉన్నాడు.

గుడి ముందు పూలు అమ్మే మద్దమ్మ తల ఎత్తింది.

“ఏమక్కా, చలికాలమంతా నువ్వు మంచం దిగకపోతివి. ఇప్పుడు బావ వంతా?”

“నాదేముందిలే మద్దమ్మా. ఈయన పడితే ఇల్లు నడస్తాదా? నా కాళ్లు చూసుకునేదానికి పురసత్తు యాడుంది?”

ఆయన మోకాలు నయమయ్యేదాకా రోజూ ప్రదక్షిణలు చేస్తానని ఆమె మొక్కుకుంది. ఆయన మెట్టు మీద కూర్చుంటాడు, ఆమె తిరుగుతుంది. మొదట్లో రెండు చుట్లకే గోడ పట్టుకునేది. పట్టుకున్నా మానలేదు. ఒక్క అనుమానం మాత్రం మనసులో ఉండిపోయింది. ఒకరోజు పూజారి ప్రేమయ్యను అడిగేసింది.

“కాలు ఆయనది, తిరిగేది నేను. ఈ పుణ్యం ఆయన మోకాలికి చేరుతాదా స్వామీ?”

“నువ్వు తిరగమ్మా. ఎవరికి చేర్చాలో ఆ స్వామికి తెలీదా?” అన్నాడు ప్రేమయ్య హారతి పళ్లెం తుడుస్తూ.

ఆ జవాబు ఆమెకు పూర్తిగా తృప్తినివ్వలేదు. దేవుడి దగ్గర కూడా ఒకరి పని ఒకరి పేరున జమ అవుతుందా? అయినా తిరగడం ఆపలేదు. ఆపితే ఆయన మంచాన పడతాడేమోనని భయం. ఎవరో ఆపరేషన్ అన్నారని విన్న రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

బస్టాండు పక్కన ఫిజియోథెరపీ చేసే సాహితి దగ్గరికి ఆయనే తీసుకుపొమ్మన్నాడు. ఆ పిల్ల ఆయన మోకాలు అటూ ఇటూ వంచి చూసింది.

“అవ్వా, నువ్వు కూడా విను. ఇంట్లో చేయించేది నువ్వే. వయసు మీద పడితే కండ తగ్గుతాది. ఎముకలు గుల్లబారతాయి. కీళ్ల మధ్యన మెత్తటి పొర పలచబడతాది. అందుకని కూర్చుండిపోతే ఉన్న కండ కూడా పోతాది.”

“అరిగినదాన్ని తిప్పితే ఇంగా అరగదా పాపా? బండి చక్రం చూడు.”

“బండి చక్రానికి కండ పెరగదవ్వా. మనిషికి ఎనభైలో కూడా పెరుగుతాది. ఆ కండే కీలును మోసేది.”

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. ఓబుళేశుకు సాహితి చెప్పిన కసరత్తు ఒక్కటీ సరిగా రాదు.

“నాకు తెలీదు మే. నువ్వు చేసి చూపీ.”

ఆమె కుర్చీలో కూర్చుని, కాలు చాచి పైకెత్తి, రామనామం అనుకుంటూ అట్లాగే పట్టుకునేది. ఆయన చూసి, వంకరగా ఎత్తేవాడు.

“అట్ల కాదయ్యా! ఇట్ల!”

“మళ్లా చూపీ.”

“పంతులు కొట్టినా చదువు రాని పిల్లోని మాదిరి ఉండావు!” అని తిట్టి మళ్లీ చూపించేది.

మిద్దె మీద ఎండేసిన మిరపకాయలు ఆయన తెచ్చేవాడు. ఇప్పుడు మెట్లు ఎక్కలేడు కాబట్టి ఆమే ఎక్కి దిగాలి. తోటలో నీళ్లు పారుతున్నాయో లేదో చూడాలంటాడు, ఒంటరిగా పోలేనంటాడు. గట్ల వెంట ఆమె తోడు నడవాలి. తువ్వాలు, తాళంచెవి, ఏది పట్టుకున్నా కింద పడేస్తాడు.

“చేతుల్లో కూడా సత్తువ పాయెనా నీకు?” అంటూ వంగి తీసిచ్చేది.

విసుక్కున్నా, ఆ రోజులు ఆమెకు బాగానే ఉండేవి. ఇన్నేళ్ల కాపురంలో ఎక్కడికి పోయినా ఆయన ముందు, తను పది అడుగుల వెనక. ఇప్పుడు పక్కపక్కనే నడుస్తున్నారు. తోట దారిలో ఆయన చిన్ననాటి సంగతులు చెబితే నవ్వుతూ వినేది. ఆ నవ్వు మధ్యలోనే, ఈయన కాలు బాగుపడాలి స్వామీ అని మొక్కుకునేది.

శ్రావణ శనివారం మళ్లీ సాహితి దగ్గరికి వెళ్లారు. సాహితి చాప పరిచి ఇద్దరినీ కింద కూర్చుని లేవమంది. ఓబుళేశు గోడ పట్టుకుని, మూలిగి, ఎట్లాగో లేచాడు. అప్పటికే లేచి నిలబడి చెయ్యి అందిస్తున్న లక్ష్మీదేవమ్మ ముఖం చిన్నబోయింది.

“ఇన్ని దినాలు తిరిగితిని. ఇంతేనా పాపా?”

“భయం లేదవ్వా. ఇంగ ఆపరేషన్ మాటే లేదు.”

ఆమె రెండు చేతులూ జోడించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“స్వామి ఆలకించినాడు. ఇప్పుడే పోయి టెంకాయ కొట్టొస్తా. నువ్వీడనే కూర్చోయ్యా, ఎండన పడి రావద్దు.”

చెప్పులు వేసుకుని, పక్కనున్న కమ్మీ పట్టుకోకుండానే మెట్లు దిగి, రోడ్డు దాటి గుడి వీధిలోకి తిరిగింది. కిటికీలోంచి ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. ఆమె కనుమరుగయ్యాక సాహితి ఓబుళేశు వైపు తిరిగి నవ్వింది.

“అవ్వ మోకాళ్లు బాగైనాయి తాతా, ఇంగ నువ్వు కుంటేది మానుకో.”