సిమెంటు పూత

ఆమెకున్న భయం ఒక్కటే. ఆ గోడ కూలి ఉయ్యాల్లోని పాప మీద పడుతుందని.

"ఈ బీటలో నా అరచెయ్యి దూరిపోతోంది, చూడు మేస్త్రీ. గోడ మొత్తం సిమెంటు పూసెయ్."

"వద్దు," అన్నారు గుమ్మంలోంచి మామగారు. "మా తాత కట్టిన గోడ. మట్టీ గడ్డీ కలిపి కాళ్లతో తొక్కి, మోకాలెత్తు పెట్టి, అది ఎండాక మళ్లీ మోకాలెత్తు పెట్టాడు. అడుగున రెండు మూరల మందం. ఏటా మట్టితో మెత్తితే చాలు. గోడకి గాలాడాలి."

"గాలా! విసనకర్ర కూడా పట్టమంటారా మామయ్యా?"

మేస్త్రి కిసుక్కున నవ్వాడు. సాయంత్రానికల్లా గోడ లోపలా బయటా నున్నగా తయారైంది. ఆమె దాన్ని తడిమి తడిమి చూసుకుంది. ఆ రాత్రి చాలా నెలల తరవాత కంటినిండా నిద్రపోయింది.

వానలు మొదలయ్యాయి. మామగారు ఉలి పట్టుకుని గోడ అడుగున సిమెంటు గీకుతూ కనిపించారు.

"ఇలా ఇవ్వండి!" ఆమె ఉలి లాక్కుంది. "ఇంకోసారి గీకారంటే పాపని తీసుకుని పుట్టింటికి పోతాను."

ఆయన గొడుగు తీసుకుని ఎటో వెళ్లొచ్చారు. మర్నాడు పొద్దున్నే తన మంచం ఈడ్చుకొచ్చి పాప ఉయ్యాల ఉన్న గదిలో వేసుకున్నారు.

"నా గది కారుతోంది అమ్మాయ్. ఇక్కడ నేనుంటా. నువ్వు అటు మారు."

"కారే గదిలో చంటిదాన్ని పెట్టుకోనా?"

"ముసలాణ్ణి. చలికి తట్టుకోలేను."

"మంచి గది కనపడేసరికి..." అని గొణుగుతూ ఆమె ఉయ్యాల విప్పింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కంచం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేసేది.

మూడో రోజు మధ్యాహ్నం బస్తా జారినట్టు చప్పుడైంది. ఆమె పాపతో బయటికి పరుగెత్తేసరికి పెంకులు ఇంకా జారుతున్నాయి. గోడ కూలిపోయింది. సిమెంటు పెచ్చుల వెనక మట్టి నానిపోయి జావలా ఉంది. లోపలికి దిగిన నీళ్లకి ఆరే దారే లేకపోయింది.

ఆమె భర్త, మేస్త్రి కలిసి ఆయన్ని బయటికి తీసేసరికి ఊపిరి లేదు.

"పట్టుబట్టి మరీ వచ్చారు ఈ గదిలోకి," ఆమె ఏడ్చింది. "తన గదిలో ఉన్నా బతికేవారు."

మేస్త్రి తలెత్తలేదు.

"మొన్న వానలో మా ఇంటికొచ్చారమ్మా. గోడ పడిపోతుంది, సిమెంటు పీకెయ్యమన్నారు. మీరొప్పుకోరని నవ్వి పంపేశాను."

"ఏమన్నారు?"

"'అయితే పాప చోట నేను పడుకుంటాలే' అన్నారు."