అదిలింపు

“హో... హోయ్! హుర్ర్ర్ర్... హోయ్!”

సత్తయ్య పెట్టిన కేకకు పొదల్లోని నెమళ్లన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. అప్పుడే పురి విప్పబోతున్న మగనెమలి కూడా రెక్కలు టపటపలాడించుకుంటూ చెట్ల వెనక్కి ఎగిరింది. అల్లుడు మధుబాబు కెమెరాకు మిగిలింది ఒట్టి తుప్పలు.

“నాయినా! గిదేం పని?” హరిచందన తల పట్టుకుంది.

“నెమళ్లు బిడ్డా! ఇడిసిపెడ్తే కంది చేను ఉంచుతయా?”

“ఏడున్నది నాయినా కంది చేను?”

సత్తయ్య చుట్టూ చూశాడు. నిజమే. చేనూ లేదు, చెలకా లేదు, అంతా అడవే. గుమ్మడిదల దాటాక అడవి అంచున ఉన్న లాడ్జిలో దిగి, జంతువులను చూద్దామని నడకకు వచ్చారు ముగ్గురూ. లక్డారం ఊళ్లో రైతన్నవాడు నెమలి కనబడితే అదిలిస్తాడు గానీ చేతులు కట్టుకుని చూస్తాడా! నోటికి అలవాటైపోయింది, ఏం చేస్తాడు పాపం. లాడ్జి గైడు ఐలన్న నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు.

“పొద్దుగాల కుందేలును ఉరికిచ్చినవు. ఇప్పుడు నెమళ్లు. ఇంకొక్కసారి అరిస్తివా, రేపు నిన్ను రూముల్నే ఇడిసిపెట్టి పోతం. టీవీ సూసుకుంట కూసో,” కసిరింది హరిచందన.

“పోనీలే చందనా, మావయ్యగారికి అలవాటు కదా,” అన్నాడు మధుబాబు. అల్లుడి మర్యాదకు సత్తయ్యకు ఇంకా సిగ్గేసింది.

“అలవాటేంది? మంచె మీద నాయిన ఒళ్లె కూసొని నేనూ కావలి కాసిన. నేనేమన్న అరుస్తున్ననా?”

టీవీ చూడటానికా సత్తయ్య వచ్చింది? కూతురిది ఇస్నాపూర్ దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం. షిఫ్టుల పుణ్యమా అని ఫోనులో గొంతు వినడమే గగనం. ఇన్నాళ్లకు ఆమెతో కలిసి నడిచే భాగ్యం దొరికింది. దాన్ని ఒక్క కేకతో పోగొట్టుకుంటాడా?

“ఇగ అరవ బిడ్డా. నీ తోడు.”

“ఒట్లు గిట్లు వద్దు. నోరు మూసుకుంటె సాలు.”

మర్నాడు మళ్లీ బయలుదేరారు. ముందు ఐలన్న, అతని వెనక మధుబాబు, ఆ వెనక దుర్భిణితో హరిచందన, అందరికన్నా చివర సత్తయ్య. భుజం మీది తువ్వాలును ముందుజాగ్రత్తగా చేతిలోనే పట్టుకున్నాడు.

వాగు దగ్గర ఐలన్న చెయ్యెత్తి ఆపాడు.

“అడివి పందులు,” అన్నాడు గుసగుసగా. “పిల్లలు గూడ ఉన్నయ్. గిట్ల దొరకడం మస్తు కష్టం. ఎవ్వరు సప్పుడు చెయ్యకుండ్రి.”

బురదలో తల్లి పంది, చుట్టూ చారల చారల పిల్లలు. మధుబాబు ఊపిరి బిగబట్టి కెమెరా కంటికి ఆనించాడు. తల్లి పంది మూతితో నేలను పెళ్లగించడం మొదలుపెట్టింది. అమ్మ దొంగముండా! మొక్కజొన్న చేనును ఒక్క రాత్రిలో చదును చేసే మూతి అదే.

సత్తయ్యకు అరికాళ్లలోంచి కేక బయలుదేరింది. కడుపులోకొచ్చింది. గొంతులోకొచ్చింది. బొంతపల్లి వీరభద్రా, నువ్వే దిక్కు, అని మొక్కుకుని తువ్వాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు. మొహం కందిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ కేక మాత్రం వచ్చిన దారినే వెనక్కి పోయింది. గెలిచాడు సత్తయ్య! బతుకులో మొదటిసారి పంది కనబడ్డా నోరు కట్టేసుకున్నాడు. సంతోషంతో గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

“హో... హోయ్! హుర్ర్ర్ర్... హోయ్!”

అడవి దద్దరిల్లింది. తల్లీ పిల్లలూ తోకలు నిక్కబొడుచుకుని పొదల్లో పడి పారిపోయాయి. మధుబాబు, ఐలన్న గిరుక్కున వెనక్కి తిరిగారు.

“ఏంది పెద్దయ్యా, మల్లనా!” నెత్తి కొట్టుకున్నాడు ఐలన్న.

సత్తయ్య నోటినిండా ఇంకా తువ్వాలే ఉంది. మెల్లగా దాన్ని బయటికి లాగి, దులిపి, రెండు చేతులతో నోరు మూసుకుని బిక్కచచ్చి నిలబడ్డ కూతురికి అందించాడు.