కెమెరాకేసి చూడకమ్మా

పీటల మీద కూర్చున్న గౌరీశ్వరికి లేచి పారిపోవాలని ఉంది. ఎంతో దూరం కాదు. పందిరి దాటి, వసారా దాటి, వెనక గది దాకా. ఆ గదిలో ఒకరికి ఇప్పుడే వచ్చేస్తానని చెవిలో చెప్పి వచ్చింది. చెప్పి ఎంతసేపైందో ఆ పందిట్లో ఒక్కరికీ పట్టలేదు.

కదలనిస్తేగా! ఒక పక్కన పెళ్లికొడుకు పోలిరాజు. ఓడ మీద పనిచేసే మేనబావ. ఇంకో పక్కన నాయనమ్మ సూర్యకాంతమ్మ. మనవరాలి పమిటని గొంతుదాకా లాగి పిన్ను మీద పిన్ను గుచ్చింది. మెడలో బంతిపూల దండ. దాన్ని ఎత్తమంటే పోర్టులో క్రేనైనా ఒకసారి మూలిగేది. రవిక సంగతి చెప్పక్కర్లేదు, గట్టిగా ఊపిరి తీస్తే పిగిలిపోయేలా ఉంది. ఎదురుగా ఫొటోగ్రాఫర్ శుభాకర్.

ఈ శుభాకర్ మద్రాసు వెళ్లి కొత్త విద్య నేర్చుకొచ్చాడు. అప్పటిదాకా విశాఖపట్నంలో పెళ్లి ఫొటో అంటే అందరూ వరసగా నిలబడి, ఊపిరి బిగబట్టి, స్టేషన్లో పట్టుబడ్డ దొంగల్లా చూడాలి. అదంతా పాత పద్ధతి అన్నాడు శుభాకర్. తనని ఎవరూ చూడకూడదు. ఎవరి పనిలో వాళ్లుంటే తను పక్కనుంచి పట్టేస్తాడు. నీళ్లలో ఈదే చేపని దానికి తెలియకుండా ఫొటో తీశాడట. ఆ చేప చివరిదాకా తెలుసుకోలేదట. అతని మాటే లెండి.

చేపలు వేరు, జనం వేరు. చూడొద్దన్న కొద్దీ చూపులన్నీ కెమెరాకే అతుక్కున్నాయి. పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి పిలక సర్దుకున్నారు. తలంబ్రాలుగా పోసిన బియ్యం మళ్లీ ఏరి పళ్లెంలో పోశారు. మూడు ముళ్లు వెయ్యమంటే పోలిరాజు అలవాటుకొద్దీ ఓడ తాళ్లకి వేసే ముడి వేశాడు. సహజంగా లేదన్నాడు శుభాకర్. సూర్యకాంతమ్మ ఏమాత్రం జంకకుండా పసుపుతాడు విప్పి మనవడి చేతికిచ్చింది.

పైగా మేళం. మేళం మోగకపోతే మొహాల్లోకి పెళ్లికళ రాదని శుభాకర్ పట్టుబట్టాడు. సన్నాయీ డోలూ చెవి పక్కనే హోరెత్తుతుంటే వెనక గదిలో ఏమవుతోందో గౌరీశ్వరికి తెలియడం లేదు. ఎంత చెవులు రిక్కించినా డోలే వినబడుతోంది.

"బావా," అంది పెదవి కదపకుండా. "నాను ఎల్లాల."

"ఇంక కాస్సేపే. ఊరుకో. మీ అయ్య సూత్తన్నాడు."

అయ్య చలమయ్య పందిరి గుంజ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫొటోల పని అయ్యేదాకా ఎవరు లేచినా కాళ్లు విరగ్గొడతానని పొద్దున్నే చెప్పేశాడు. పోర్టులో షిఫ్టు షిఫ్టంతా ఆ ఫొటోల గురించి అతన్ని అడిగి అడిగి చంపేస్తోంది మరి.

శుభాకర్‌కి ఇప్పుడు సిగ్గు కావాల్సొచ్చింది. గౌరీశ్వరి తల వంచింది. వంపు ఉంది కానీ సిగ్గు లేదన్నాడు.

"ఒలే, పెళ్లికూతురికి సిగ్గుండొద్దేటే?" అని నాయనమ్మ తొడపాశం పెట్టింది. గౌరీశ్వరి ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటునే శుభాకర్ సిగ్గు కింద జమకట్టి గుండీ నొక్కాడు.

చివరికి అప్పగింతలు. ఇదొక్కటీ అయితే లేవొచ్చు. చలమయ్య కూతురి చెయ్యి పోలిరాజు చేతిలో పెట్టాలి, కూతురు ఏడవాలి. అంతే.

గౌరీశ్వరికి ఏడుపు రాలేదు.

"పెంచినోడి కోసం ఒక్క సుక్క రాదేటమ్మీ?" చలమయ్య నిజంగానే నొచ్చుకున్నాడు.

ఎవరో ఉల్లిపాయ కోసుకొస్తామన్నారు. శుభాకర్ ఒప్పుకోలేదు. ఏడుపైనా సరే, సహజంగానే రావాలి. అవతల పొద్దు కొండ వెనక్కి జారుతోంది. వెలుతురు పోతే ఇక లేదు. తెల్లారితే పోలిరాజు ఓడ కదులుతుంది.

"అమ్మా, కెమెరాకేసి చూడకమ్మా. నన్ను మర్చిపో. పుట్టిల్లు వదిలి వెళ్తున్నానని తలుచుకో."

గౌరీశ్వరి తలుచుకుంది. పుట్టిల్లు ఎదురుగానే ఉంది. ఏమీ రాలేదు.

అంతలో సన్నాయి ఊదేవాడికి దగ్గొచ్చింది. వాడు ఆగాడని డోలూ ఆగింది. ఆ సందులో, వెనక గదిలోంచి ఆమెకి వినపడింది.

గౌరీశ్వరి కళ్లు ఒక్కసారిగా ఏరులైపోయాయి. లేవబోయింది. ఈ చెయ్యి అయ్య పట్టుకున్నాడు, ఆ చెయ్యి బావ పట్టుకున్నాడు, భుజం నాయనమ్మ నొక్కిపట్టింది. శుభాకర్ ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అంటున్నాడు.

"నన్నొగ్గెయ్ అయ్యా," అంది వెక్కుతూ. "నీకు దండం పెడతాను, నన్నొగ్గెయ్."

పందిట్లో ఆడవాళ్లంతా కొంగులతో కళ్లొత్తుకున్నారు. చలమయ్య రెండో చేత్తో కూతురి తల నిమిరాడు. మద్రాసు మొత్తం మీద ఇంత సహజమైన ఏడుపు చూడలేదంటూ శుభాకర్ గుండీ నొక్కాడు.

ఆ చప్పుడుకి పట్టులన్నీ సడలాయి. గౌరీశ్వరి దండ తెంపి విసిరేసి, పిన్నులు పీక్కుంటూ, పారాణి కాళ్లతో వసారా దాటి పరుగు తీసింది.

పోయినేడు జరిగిన అసలు పెళ్లి రీలుకి వెలుతురు తగిలి ఒక్క ఫొటో కూడా రాని పాపానికి, పాలవేళ దాటిపోయి వెనక గది ఉయ్యాల్లో గుక్కపట్టి ఏడుస్తున్నాడు, ఆ పెళ్లికూతురి మూణ్ణెల్ల కొడుకు.