సచ్చినోడే చాయ్ పెట్టాలె

“మళ్లా సచ్చిన,” అన్నాడు సందీప్, చేతిలో కాగితాలు కింద పెడుతూ. ఆట మొదలై అరగంట కూడా కాలేదు.

రాకేష్ తల పట్టుకున్నాడు. “రాక్షసుడు పండుకున్నడు, సప్పుడు జెయ్యొద్దని జెప్పిన గదరా! పోయి వాని మీసం ఎందుకు పీకినవ్?”

“పీకబుద్ధయింది,” అని సందీప్ లేచాడు. “సచ్చినోడే చాయ్ పెట్టాలె గద. పోతున్న.”

అది వాళ్లు పెట్టుకున్న నియమమే. రాకేష్, సందీప్, ప్రణీత ముగ్గురూ కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతున్నారు. ఆదివారం మధ్యాహ్నం మేడ్చల్‌లో రాకేష్ వాళ్ల మేడ మీది గదిలో చేరతారు. రాకేష్ కథ నడుపుతాడు. సందీప్, ప్రణీత ఆ కథలో దొంగలో వీరులో అయిపోయి, ఏం చేస్తారో నోటితో చెబుతారు. చేయగలిగారో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. చచ్చినవాళ్లు కిందికి పోయి అందరికీ చాయ్ తేవాలి. ప్రణీత ఇంతవరకూ ఆ వంటింటి గడప తొక్కలేదు. సందీప్ వారం వారం తొక్కుతూనే ఉన్నాడు.

ఈ ఆటంటే రాకేష్‌కు ప్రాణం. ఇలా చచ్చి చచ్చి సందీప్ విసుగెత్తి మానేస్తే ఇద్దరితో సాగదు, అదీ అతని దిగులు. తన కథలో లోపం ఉండదని గట్టి నమ్మకం కనుక, లోపం ఆట పద్ధతిదే అని తేల్చుకున్నాడు. నెట్ సెంటర్‌లో కూర్చుని లోకంలో కొత్తగా వచ్చిన పద్ధతులన్నీ వెతికాడు. ఒకదాంట్లో చెప్పులు అరగడానికి కూడా పట్టిక ఉంది. సందీప్ చెప్పులు అరగకముందే బావిలో పడ్డాడు. ఇంకోటి పేకముక్కలతో ఆడేది. మొదటి ముక్కకే రాజుగారిని తిట్టి ఉరికంబం ఎక్కాడు. మూడోదాంట్లో విషమని తెలిసీ, “తియ్యగుంటదా?” అని అడిగి మరీ తాగాడు.

ఇంట్లో రాకేష్ తల్లి పద్మమ్మకు ఈ ఆటంటే గిట్టదు. మొదట్లో ఒకసారి, “గదేందో నాకు గూడ జెప్పరాదుర,” అని పక్కన కూర్చోబోయింది. “నీకు సమజ్ గాదులే అమ్మా,” అన్నాడు రాకేష్. అప్పటినుంచి ఆమె నోట అది పిచ్చాట అయింది. మొన్న అన్నం వడ్డిస్తూ ఉన్నట్టుండి, “తోడేలుకు ఈత వస్తదారా?” అని అడిగితే, టీవీ జర తక్కువ చూడమని సలహా ఇచ్చాడు.

రాక్షసుడి మీసం పీకిన ఆ రోజు చాయ్ చాలాసేపటికి వచ్చింది. మరిగి మరిగి నల్లబడిపోయింది, పైగా చక్కెర లేదు.

“చాయ్‌కి గింత సేపా?” అంది ప్రణీత, సందీప్ చేతులు కడుక్కోవడానికి వెళ్లాక. “ఇంట్ల మీ చెల్లె ఉన్నదా?”

చెల్లెలు భవిత ఇంటర్ చదువుతోంది. రాకేష్ గొంతులో చాయ్ అడ్డం పడింది. ఆటకు స్నేహితుడు దక్కాలి సరే, మరీ ఇంటల్లుడే కావాలా? ఆ రాత్రి పాచికలు సర్దుతుంటే ఒకటి తగ్గింది. ఆ దిగులులో అదీ పట్టించుకోలేదు.

పై ఆదివారం కొత్త కాగితాలతో సిద్ధంగా కూర్చున్నాడు. “గీ పద్ధతి మస్తుంటది. ఇందుల ఎవ్వరు సావరు.”

సందీప్ మొహం వాడిపోయింది. “అస్సలు సావరా?”

“అస్సలు. కష్టాలొస్తయ్, పరేషానైతరు, గంతే.”

సందీప్ ఊరుకోలేదు. కొండ మీంచి దూకితే గడ్డివాములో పడ్డాడు. నదిలో దూకితే చేపలు పట్టేవాళ్లు వల వేసి లాగారు. పులి నోట్లో తల పెడితే దానికి ఆకలి లేదు. ప్రణీత పడీ పడీ నవ్వింది.

ఇంతలో పద్మమ్మే చాయ్ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. “ఇయ్యాల ఎవ్వరు సావలేదా?”

“లేదమ్మా, కొత్త పద్ధతి.”

“పాతదే మంచిగుండె,” అని పళ్లెం ఠప్పున పెట్టి వెళ్లిపోయింది. పాపం, మెట్లెక్కి మోకాళ్లు నొచ్చాయేమో అనుకున్నాడు రాకేష్.

సందీప్ వేడి చాయ్ గటగటా తాగేశాడు. “గ్లాసు ఇచ్చొస్త,” అంటూ దిగిపోయాడు. పావుగంటైనా పైకి రాలేదు.

“పోయి సూడురాదు,” అంది ప్రణీత, కళ్లతో నవ్వుతూ.

రాకేష్ పిల్లిలా మెట్లు దిగాడు. వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల సందీప్ గుసగుసగా అడుగుతున్నాడు.

“జల్దీ చెప్పు రాణీ! పారిపోదామా, నిలవడి కొట్లాడుదామా?”

రాకేష్ ఒళ్లు మండిపోయింది. తలుపు తోయబోయాడు.

“ఏందన్నా, దొంగ లెక్క నిలవడ్డవ్?”

వెనక్కి తిరిగాడు. ట్యూషన్ నుంచి అప్పుడే వచ్చిన భవిత, వాకిట్లో సైకిల్‌కు స్టాండ్ వేస్తోంది.

లోపల స్టీలు పళ్లెంలో పాచిక గలగలా దొర్లి ఆగింది. వెంటనే పద్మమ్మ గొంతు వినిపించింది.

“కొట్లాడుడే బిడ్డా, గని మా రాకేష్‌కు జెప్పకు, వానికి సమజ్ గాదు.”