కొత్త తాళంచెవి

“జర జల్ది చెయ్యన్నా!” మమతారాణి మల్లొకసారి అన్నది. మాట దేవదాస్‌తోని, చూపేమో ఇంటి తలుపు మీద.

దేవదాస్ కరీంనగర్‌ల కార్లకు తాళంచెవులు చేస్తడు. ఉన్న రెండు చెవులూ పోయినయని ఆమె ఫోన్ చేస్తే, మిషన్ పట్టుకొని చొప్పదండికి వచ్చిండు. ఇంటి ముంగట కారు తెరిచే ఉన్నది. స్టీరింగు కింద మిషన్ వైరు తగిలించి, కొత్త చెవిని కారు గుర్తుపట్టేటట్టు చేస్తుండు.

వెనక సీట్ల కొత్తబట్టలేసుకున్న పిల్లలిద్దరు, వాళ్ల పక్కన బట్టల బ్యాగు.

“అమ్మా, ఎప్పుడు పోతం?”

“జరసేపు ఊకోండ్రి,” గుసగుసగా గదిమింది.

“బండి ఎవరిదమ్మా?” దేవదాస్ అడిగిండు.

“మా ఆయనదే. కాగితాలు చూపిచ్చిన గదా.”

“మరి సారేడి?”

“లోపట పండుకున్నడు. లేపకన్నా!”

దేవదాస్ చెయ్యి ఆగిపోయింది. మొగడు నిద్రపోతుంటే పిల్లల్ని తీసుకొని, కారుతోని పోదామని చూస్తుంది! రేపు పోలీసులు వస్తే ముందుగాల తననే పట్టుకపోతరు.

“సారుతోని ఒక్క మాట మాట్లాడినంకనే చేస్తనమ్మా.”

“నీ కాళ్లు మొక్కుతన్నా. ఆయన లేస్తే నా పిల్లలు నాకు దక్కరు.”

దేవదాస్ పిల్లల దిక్కు చూసిండు. చిన్నది అతన్ని చూసి నవ్వింది. ఏం బాధ పడుతున్నదో ఈమె, అనుకున్నడు. మల్ల మిషన్ మీదికి వంగిండు.

కారు లైట్లు టక్కున వెలిగి ఆరినయి. మమతారాణి ఉలిక్కిపడ్డది.

“ఫికర్ చెయ్యకు, అయిపోయింది. పాత చెవుల్ని కారు మర్చిపోయింది. అవి దొరికినా ఇగ స్టార్ట్ కాదు.”

“పక్కానా?”

“పక్కా.”

ధన్‌మని ఇంటి తలుపు తెరుచుకున్నది. దేవదాస్ మిషన్ వైరు గుంజి, కొత్త చెవి ఆమె చేతుల పెట్టిండు.

“కూసోమ్మా, జల్ది పో!”

ఆమె కదల్లే. చెవిని కొంగున ముడేసుకొని, అప్పుడు ఊపిరి పీల్చుకున్నది.

“నాకు బండి నడపరాదన్నా.”

గోడ పట్టుకొని, తాగిన మత్తుల తూలుకుంట మెట్లు దిగుతున్న ఆమె మొగడు శ్రీహరి, చేతిల పాత తాళంచెవిని ఊపుకుంట కేకేసిండు: “పిల్లలూ, పోదామారా ఖానాపూర్?”