మూటల కింద స్కూటర్

"సినిమాలో ఈ పిల్ల మొగుణ్ణి స్కూటర్ వెనకాల కూర్చోబెట్టుకుని ఊరంతా తిరుగుతాండె అత్తా! అదే కథ సీరియల్ చేసినాక వంటింట్లోంచి కదల్లేదు!" విత్తనం శెనక్కాయలు ఒలుస్తూ ఆశ్రిత నవ్వింది.

"సంసారమంటే అంతేలే," అంది బయమ్మ, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

ఆశ్రిత పుట్టింటి నుంచి తెచ్చుకున్న స్కూటర్ మీద, పెళ్లైన వారం నుంచీ అత్త కాయల మూటలు పేర్చే ఉన్నాయి.

"మరి ఆ పిల్ల స్కూటర్ ఏమాయె?" అడిగింది బయమ్మ.

"అత్తగారు ఎవరికో ఇచ్చేసింది."

"ఏం పాపిష్టిదే ఆ యమ్మ!"

అనేసి, బయమ్మ మూలనున్న మూటల వైపు చూసింది.

"నాకూ సైకిలొచ్చు. మా నాయన నేర్పినాడు. ఈడికొచ్చినాక ముట్టలేదు."

ఆశ్రిత నవ్వు ఆగింది.

"చూస్తావేమే? లెయ్! ఆ మూట అటుపక్క పట్టు."