తలుపు బయట తగువు

"మీ ఇద్దరికీ మాటల్లేవని అందరికీ తెలుసు. తగువు తేలేదాకా సభ్యుల ఏప్రన్ కట్టకూడదు, లోపలికి రాకూడదు. అది మన రూలు," అన్నాడు ఫ్రీమేసన్లనే సోదర సంఘం సమావేశమయ్యే లాడ్జి కాపలాదారు, తలుపుకి అడ్డంగా నిలబడి.

వాచీలు బాగుచేసే బావ గోడకేసి చూశాడు. పోయిన నెలే సభ్యుడైన బావమరిది తన బూట్లకేసి చూసుకున్నాడు. "కాటికెళ్లిన మనిషీ, మా బావ కొట్టుకెళ్లిన వాచీ తిరిగిరావు," అని ఆరేళ్ల కిందట ఓ పెళ్లిలో నలుగురినీ నవ్వించాడు వాడు. ఆ మాటతోనే మాటలు ఆగిపోయాయి.

"ఇన్ని క్లబ్బులుండగా ఇందులోనే ఎందుకు చేరావురా?"

"ఇంకెక్కడైనా నువ్వు మొహం తిప్పుకుని పోవచ్చు బావా. ఇక్కడ మాట్లాడి తీరాలి. రూలు చదివాకే అర్జీ పెట్టాను. ఓటు పెట్టెలో ఒక్క నల్లగోళీ పడితే నన్ను చేర్చుకునేవాళ్లు కాదు. నువ్వెందుకు వెయ్యలేదు?"

"ఓటు రహస్యం. అడక్కూడదు," అన్నాడు బావ. ఆ రోజు పెట్టెలో తన చెయ్యి నల్లగోళీని వదిలి తెల్లదాన్నే ఎందుకు పట్టుకుందో అతనికి ఇప్పుడు తెలిసింది.

"తేలిందా?" అన్నాడు కాపలాదారు.

"తేల్లేదండీ. మా ఆవిడ కూడా ఉంటేగాని తేలదు." బావ ఏప్రన్ మడిచి సంచిలో పెట్టుకుని, బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. "పదరా. మీ అక్క ఇంకా భోంచేసి ఉండదు."